మట్టిని చదివిన మనీషి

శ్రీకాకుళం పట్టణానికి సమీపంలో జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఎచ్చెర్ల. తొలకరి వాన కురిసిన మరునాటి ఉదయం ఆ పరిసరాలలోని పొలంగట్ల మీద, తోటలలో నడిచేవారికి ఒక దృశ్యం కనిపిస్తుంది. తడి నేలమీద అక్కడక్కడ సన్నని మట్టి చుట్టలు కుప్పలుగా పడి ఉంటాయి. అవి రాత్రివేళ వానపాములు నేల లోపలినుండి తెచ్చి పైన విడిచిన మట్టి. గట్టు పక్కన పొలం ఎలుక తవ్విన కన్నం ఉంటుంది. మరికొంత దూరంలో చెదపురుగులు కట్టిన పుట్ట ఉంటుంది. నాగుల చవితినాడు జనం పాలు పోసి మొక్కే పుట్ట అటువంటిదే. అదే మండలంలోని బుడగట్లపాలెం వంటి తీరగ్రామాలకు పోయి ఆటు సమయంలో చూస్తే, తడి ఇసుక మీద పీతల బొరియలు, వాటి చుట్టూ చల్లినట్లున్న ఇసుక ఉండలు కనిపిస్తాయి.

ఇవన్నీ నేలలో నివసించే ప్రాణులు నేలమీద విడిచిపోయిన జాడలు. పల్లెవాసులకు ఇవి నిత్యం కనిపించేవే. అయినా ఈ జాడలకు అర్థమేమిటని, వీటివలన నేలకు కలిగే మార్పేమిటని ప్రశ్నించి, దాదాపు నలుబదినాలుగు సంవత్సరాలు ఆ ప్రశ్నను విడువక సమాధానం సాధించిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే చార్లెస్ డార్విన్. జీవపరిణామ సిద్ధాంతకర్తగా ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన తన చివరి గ్రంథాన్ని వానపాములకు అంకితం చేసినట్లుగా వ్రాశాడన్న సంగతి మాత్రం చాలమందికి తెలియదు.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుపొందిన వైద్యుడు. తల్లి సుసన్నా, పింగాణీ పాత్రల తయారీలో ప్రసిద్ధికెక్కిన వెడ్జ్‌వుడ్ కుటుంబపు ఆడపడుచు. ఎనిమిదవ ఏటనే డార్విన్ తల్లిని కోల్పోయాడు. తండ్రి కోరిక మేరకు 1825లో వైద్యవిద్యకై ఎడింబరో చేరాడు. మత్తుమందులు లేని ఆ రోజులలో శస్త్రచికిత్సకు గురైన రోగుల వేదన చూడలేక ఆ చదువును మధ్యలోనే విడిచిపెట్టాడు. పిదప మతగురువు కావలెనన్న ఉద్దేశంతో కేంబ్రిడ్జిలో చేరాడు. అక్కడ పాఠ్యగ్రంథాలకంటె పొలాలలో తిరిగి పేడపురుగులను, ఇతర కీటకాలను సేకరించడమే ఆయనకు ప్రీతిపాత్రమైన పని అయింది. కుమారుని భవిష్యత్తును గూర్చి తండ్రి కలతచెందాడు.

1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ అనే నౌక ఇంగ్లండు తీరం విడిచింది. ప్రకృతి పరిశీలకునిగా ఆ నౌకలో పయనించే అవకాశం డార్విన్‌కు లభించింది. ఐదు సంవత్సరాలు సాగిన ఆ యాత్రలో ఆయన దక్షిణ అమెరికా ఖండాన్ని, అనేక ద్వీపాలను దర్శించాడు. మహారణ్యాలు, పర్వతాలు, ప్రాచీన జంతువుల అస్థికలు ఆయనను ఎంత ఆకర్షించాయో, నేలలో బొరియలు చేసే చిన్న ప్రాణులు కూడ అంతగానే ఆకర్షించాయి. మాల్డొనాడో ప్రాంతంలో టుకుటుకో అనే ఎలుకజాతి జంతువు నేలకింద సొరంగాలు తవ్వుతుంది. కొన్నిచోట్ల నేల పూర్తిగా డొల్లబారడం వలన గుర్రాల కాళ్లు గిట్టల పైవరకు కూరుకుపోయేవి. బిజ్కాచా అనే మరొక జంతువు తన బొరియ ముఖం వద్ద ఎముకలు, రాళ్లు, ఎండిన కాడలు మొదలైనవాటిని కుప్పవేస్తుంది. ఆ ప్రాంతంలో ఒక పెద్దమనిషి చీకటిరాత్రి గుర్రంమీద పోతూ తన గడియారాన్ని పోగొట్టుకున్నాడు. తెల్లవారిన తరువాత దారిపొడవునా ఆ జంతువుల బొరియల వద్ద వెదకగా గడియారం దొరికింది. ఈ వృత్తాంతాన్ని డార్విన్ తన యాత్రాగ్రంథంలో పొందుపరచాడు. బొరియను చూసి అందులోని ప్రాణి స్వభావాన్ని గుర్తించే అలవాటు ఆయనకు ఆ యాత్రలోనే అబ్బింది.

1836 అక్టోబరులో డార్విన్ స్వదేశం చేరాడు. అటుపిమ్మట మేయర్ గ్రామంలో నివసించే మేనమామ జొసయా వెడ్జ్‌వుడ్ ఇంటికి వెళ్లాడు. మేనల్లుడు తెచ్చిన విదేశీ వింతలను విన్న మేనమామ, తన పచ్చికబయలులోని ఒక వింతను అతనికి చూపాడు. కొన్ని సంవత్సరాల క్రితం ఆ బయలుపై సున్నం, బొగ్గుకసవు చల్లించారు. అవి ఇప్పుడు నేలపై ఎక్కడా లేవు. తవ్వి చూస్తే కొన్ని అంగుళాల లోతున ఒకే వరుసలో పొరగా కనిపించాయి. వాటిని ఎవరూ పూడ్చలేదు, అక్కడ నాగలి సాగలేదు. ఇది వానపాముల పని అయి ఉంటుందని మేనమామ ఊహించాడు.

సామాన్యులైతే ఆ మాటను విని మరచిపోయేవారు. డార్విన్ ఆ ఊహను పట్టుకొని గోతులు తవ్వించి కొలతలు తీశాడు. వానపాము లోపలి మట్టిని మింగి, రాత్రివేళ పైకివచ్చి విసర్జిస్తుంది. ఆ మట్టి నేలపై సన్నని పొరగా పరచుకుంటుంది. లోపల ఖాళీ అయిన బొరియలు క్రమంగా కుంగి మూసుకుపోతాయి. ఈ విధంగా కింది మట్టి పైకి రావడం, పైనున్న వస్తువులు కిందికి దిగడం ఏకకాలంలో జరుగుతాయి. ఈ విషయాన్ని 1837 నవంబరు 1వ తేదీన లండన్ భూవిజ్ఞాన సంఘం ఎదుట ఒక వ్యాసంగా సమర్పించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరాలు.

1839లో డార్విన్ తన మేనమామ కుమార్తె ఎమ్మాను వివాహమాడాడు. 1842లో ఆ దంపతులు లండన్ విడిచి కెంట్ ప్రాంతంలోని డౌన్ గ్రామంలో స్థిరపడ్డారు. అప్పటికే ఆయనను ఒక దీర్ఘవ్యాధి పీడించసాగింది. వాంతులు, తలతిరుగుడు, నీరసం జీవితాంతం ఆయనను విడువలేదు. రోజుకు కొద్ది గంటలు మాత్రమే పని చేయగలిగేవాడు. అటువంటి స్థితిలో ఉన్నవాడు, తన ప్రశ్నకు సమాధానం చెప్పే ఒక దీర్ఘకాలిక ప్రయోగాన్ని ఆరంభించాడు. 1842 డిసెంబరు 20వ తేదీన ఇంటి సమీపంలోని ఒక పచ్చికబయలులో కొంత భాగంపై సుద్దరాళ్ల ముక్కలు చల్లించాడు. వాటిని కదిలించకుండా విడిచిపెట్టాడు. అప్పుడు ఆయన వయస్సు ముప్పదిమూడు. ఫలితం చూడడానికి ఎన్ని సంవత్సరాలు వేచియుండవలెనో, అంతవరకు తాను బ్రతికి ఉంటాడో లేదో ఆయనకు తెలియదు.

ఆ సుద్దముక్కలు నేలలోకి దిగుతున్న కాలంలోనే డార్విన్ జీవితంలో సుఖదుఃఖాలు, జయాపజయాలు అనేకం సంభవించాయి. 1851లో పదేళ్ల ముద్దుల కుమార్తె ఆనీ వ్యాధితో మరణించింది. ఆ శోకం ఆయనను జీవితాంతం వెంటాడింది. 1859 నవంబరులో జాతుల ఉత్పత్తిని గూర్చిన ఆయన మహాగ్రంథం వెలువడింది. స్వల్పమైన మార్పులు తరతరాలుగా కూడి కొత్త జాతుల పుట్టుకకు కారణమవుతాయని అందులో ప్రతిపాదించాడు. దానిపై చెలరేగిన వాదోపవాదాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. ఇంత చిన్న కారణాలు ఇంత పెద్ద ఫలితాన్ని ఎట్లా ఇస్తాయన్నది విమర్శకుల ప్రశ్నలలో ముఖ్యమైనది.

చిత్రమేమంటే, వానపాముల విషయంలో కూడ ఆయనకు ఎదురైన ఆక్షేపణ అదే. 1869లో ఫిష్ అనే రచయిత ఒక ఉద్యానవన పత్రికలో డార్విన్ నిర్ణయాన్ని తోసిపుచ్చాడు. వానపాము పరిమాణంలో అల్పం, బలంలో హీనం; అటువంటి ప్రాణి నేల స్వరూపాన్ని మార్చగలదనడం నమ్మదగినది కాదని ఆయన వాదం. ఈ ఆక్షేపణలో డార్విన్ ఒక సామాన్య మానవ దోషాన్ని గుర్తించాడు. నిరంతరం జరిగే చిన్న పనుల మొత్తాన్ని కూడి చూడడం మనుష్యులకు చేతకాదని, భూవిజ్ఞానంలోను పరిణామవాదంలోను శాస్త్ర పురోగతికి ఆ దోషమే అడ్డు తగిలిందని ఆయన అభిప్రాయపడ్డాడు. కనుక వానపాము ప్రశ్న ఆయనకు వినోదమాత్రం కాలేదు. తన జీవితకాల పరిశ్రమకంతటికీ ఆధారమైన సూత్రం ఒక చిన్న ప్రాణి విషయంలో నిలుస్తుందో లేదో తేల్చే పరీక్ష అయింది.

1871 నవంబరు చివర ఆ పచ్చికబయలులో కందకం తవ్వించారు. ఇరువదితొమ్మిది సంవత్సరాలు గడిచాయి. కందకం రెండు గోడలలోను, నేలమట్టానికి 7 అంగుళాల లోతున సుద్దముక్కల తెల్లని గీత స్పష్టంగా కనిపించింది. సంవత్సరానికి పావు అంగుళానికి కొంచెం తక్కువగా కొత్త మట్టి పైన చేరిందన్నమాట. ఇంటికి సమీపంలోనే మరొక పొలం ఉండేది. 1841లో చివరిసారి దున్నిన ఆ పొలం నిండా రాళ్లుండేవి. ముప్పది సంవత్సరాల అనంతరం ఆ పచ్చికపై గుర్రం ఒక చివరినుండి మరొక చివరివరకు పరుగెత్తినా దాని డెక్కకు ఒక్క రాయి తగలలేదు.

వృద్ధాప్యంలో డార్విన్ వానపాములను తన గదికే రప్పించాడు. మట్టి నింపిన కుండలలో వాటిని పెంచుతూ రాత్రివేళలలో పరీక్షించేవాడు. ఆ పరీక్షలలో కుటుంబమంతా పాలుపంచుకుంది. వాటికి వినికిడి ఉన్నదా అని తెలుసుకొనడానికి ఈల ఊదారు; కుమారుడు ఫ్రాన్సిస్ బసూన్ అనే ఊదువాద్యం వాయించాడు; దగ్గరగా నిలిచి కేకలు వేశారు. వానపాములు చలించలేదు. అదే కుండలను పియానో మీద ఉంచి ఒక్క స్వరం పలికించగానే బొరియలలోకి దూరిపోయాయి. అంటే అవి శబ్దాన్ని వినలేవు, కంపనాన్ని మాత్రం శరీరంతో గ్రహిస్తాయి. కళ్లు లేకపోయినా వెలుగుచీకట్ల భేదాన్ని తెలుసుకుంటాయని దీపాల సాయంతో నిరూపించాడు. ఏ ఆకులంటే వాటికి ఇష్టమో పరిశీలించి, అవి క్యారట్ ఆకులను మక్కువతో తింటాయని కనుగొన్నాడు.

బొరియ నిర్మాణాన్ని కూడ ఆయన సూక్ష్మంగా గమనించాడు. వానపాము తన బొరియ లోపలి గోడలకు మెత్తని మట్టిని పూతగా పూస్తుంది. బొరియ ముఖాన్ని ఆకులతో మూస్తుంది. ఆ ఆకులను అది ఏదో ఒక వైపునుండి లాగుతుందా, తేలికగా పట్టే కొసనుండి లాగుతుందా అన్నది డార్విన్‌కు కలిగిన సందేహం. బొరియలనుండి 227 ఆకులను బయటికి తీసి చూడగా, వాటిలో 181 ఆకులు కొసభాగం నుండియే లాగబడ్డాయి. ఆకులకు బదులుగా కాగితాలను త్రికోణాలుగా కత్తిరించి, తడికి పాడుకాకుండ కొవ్వు రాసి తోటలో వేయించాడు. వానపాములు ఎన్నడూ చూడని ఆ వస్తువులలో కూడ ఎక్కువ భాగాన్ని అవి సన్నని కొసనుండియే లోపలికి లాగాయి. దీనినిబట్టి ఆ అల్పజీవికి కూడ కొద్దిపాటి వివేకం ఉన్నదని ఆయన భావించాడు.

వానపాములు పైకి తెచ్చే మట్టి ఎంతో తెలుసుకొనడానికి ఒక గజం పొడవు, ఒక గజం వెడల్పు గల స్థలాలలో సంవత్సరం పొడవునా మట్టి చుట్టలను ఏరించి, ఎండబెట్టించి, తూకం వేయించాడు. ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఎకరం నేలలో ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాలగుండా ప్రయాణిస్తుందని లెక్క తేలింది. ఆ మట్టి మింగిన రూపంలోనే బయటికి రాదు. వానపాము అంతరజఠరంలోని చిన్న రాతిరేణువుల మధ్య అది నలిగి మెత్తబడుతుంది. కుళ్లిన ఆకులతో కలిసి సారవంతమవుతుంది.

ఒక్క ఇంగ్లండును చూసి సిద్ధాంతం చేయడం డార్విన్‌కు ఇష్టం లేదు. పలు దేశాల మిత్రులకు లేఖలు వ్రాశాడు. ఆ అన్వేషణలో భారతదేశానికి కూడ స్థానం లభించింది. కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనంలో పనిచేసిన జాన్ స్కాట్, వేడి, తేమ కలిసిన వంగదేశపు వాతావరణంలో వానపాములు ఎట్లా ప్రవర్తిస్తాయో డార్విన్ కొరకు పరిశీలించాడు. ఆ ఉద్యానవన అధిపతి జార్జి కింగ్, గోపురాల ఆకారంలో నిలిచిన మట్టికుప్పలను అక్కడినుండి పంపించాడు. నీలగిరి కొండలలో సుమారు 7,000 అడుగుల ఎత్తున సేకరించిన పెద్ద మట్టిచుట్టలు కూడ డౌన్ గ్రామానికి చేరాయి. ఈ విధంగా మన దేశపు మట్టి సైతం ఆ వృద్ధ శాస్త్రవేత్త సిద్ధాంతానికి సాక్ష్యం పలికింది.

అరువదియెనిమిదేళ్ల వయస్సులో, 1877 జూన్‌లో, డార్విన్ శ్రమకోర్చి స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలాసముదాయాన్ని దర్శించాడు. ఏనాడో పడిపోయిన మహాశిలలు కొంతమేరకు నేలలో దిగి ఉండడాన్ని, వాటి అంచులచుట్టూ వానపాముల మట్టి చేరి ఉండడాన్ని గమనించాడు. అబింజర్ అనేచోట రోమన్ల కాలపు ఇంటి శిథిలాలు బయల్పడ్డాయి. తవ్వకందారులు గచ్చును శుభ్రపరచిన తరువాత కూడ దాని సందులనుండి వానపాములు కొత్త మట్టిని పైకి తెచ్చి పోశాయి. పురావస్తు పరిశోధకులకు నాణేలు, ఆభరణాలు, గచ్చులు చెదరకుండ దొరకడానికి వానపాములు వాటిని మట్టితో కప్పి కాపాడడం ఒక కారణమని డార్విన్ గ్రహించాడు. వాటికి పురావస్తు ప్రియులు కృతజ్ఞులై ఉండవలెనని ఆయన తలచాడు. తోటలో ఒక గుండ్రని బండరాయిని అమర్చి, అది ఎంత వేగంతో కుంగుతున్నదో కొలిచే సాధనాన్ని కుమారుడు హోరేస్ నిర్మించాడు. ఆ రాయి సంవత్సరానికి సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున కుంగినట్లు తేలింది.

శరీరం రోజురోజుకు క్షీణిస్తూ ఉండగా డార్విన్ ఈ ఫలితాలన్నింటినీ గ్రంథస్థం చేశాడు. మరొక దీర్ఘ పరిశోధనను చేపట్టే శక్తి తనకు లేదని ఆయనకు తెలుసు. తాను మట్టిలో కలిసి వానపాములను చేరుకొనేలోగా వాటి కథను పూర్తి చేయవలెనని మిత్రునితో పరిహాసంగా అన్నాడు. గ్రంథం ముద్రణలో ఉండగా, 1881 ఆగస్టులో, అన్న ఎరాస్మస్ కన్నుమూశాడు. అక్టోబరులో గ్రంథం వెలువడింది. ఇటువంటి విషయం పాఠకులకు రుచించదేమోనని ఆయన శంకించాడు. కాని కొద్ది వారాలలోనే వేలకొద్ది ప్రతులు అమ్ముడుపోయాయి. సామాన్య జనం తమ తోటలలోని వానపాములను గూర్చి ప్రశ్నలతో, పరిశీలనలతో ఆయనకు లేఖలు వ్రాయసాగారు.

సుమారు ఆరు మాసాలకే, 1882 ఏప్రిల్ 19వ తేదీన, డార్విన్ డౌన్ గ్రామంలోని స్వగృహంలో పరమపదించాడు. ఆ ఊరి శ్మశానవాటికలోనే, తాను నలుబది సంవత్సరాలు పరిశీలించిన నేలలోనే తనను పూడ్చిపెడతారని ఆయన అనుకున్నాడు. దేశం మాత్రం ఆయనను గొప్ప వ్యక్తులు విశ్రమించే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేసి గౌరవించింది.

డార్విన్ ఆరంభించిన అధ్యయనం ఆయనతో ముగియలేదు. ప్రాణులు బొరియలు చేసి మట్టిని, ఇసుకను, సముద్రపు అడుగున చేరే ఒండ్రును కలగలపడాన్ని నేటి శాస్త్రజ్ఞులు బయోటర్బేషన్ అంటారు. ప్రాచీన కాలంలో సముద్రతీరపు బురదలో ఒక పురుగు చేసిన బొరియ, అనంతరం వేరొక రంగు ఇసుకతో పూడి, యుగాలు గడిచి రాయిగా మారవచ్చు. అప్పుడు ప్రాణి దేహం మిగలకున్నా దాని జాడ మిగులుతుంది. అటువంటివాటిని జాడ శిలాజాలు అంటారు. ఒకప్పుడు సముద్రపు నాచు శిలాజాలుగా భావించిన అనేక చారలు నిజానికి పురుగులు, ఇతర జీవులు పాకిన జాడలేనని స్వీడన్ శాస్త్రజ్ఞుడు నాథోర్స్ట్ వివరించాడు. డార్విన్ వానపాముల గ్రంథం వెలువడిన 1881లోనే ఆయన రచన కూడ వెలువడడం విశేషం. జాడలను పరిశీలించి ఆనాటి నీటి లోతును, ప్రవాహ వేగాన్ని, ప్రాణుల అలవాట్లను ఊహించగలుగుతున్నారు.

తరువాతి పరిశోధనలు డార్విన్ నిర్ణయాలకు కొన్ని హద్దులను కూడ చూపాయి. హిమయుగంలో వానపాములు నశించిన ఉత్తర అమెరికా అడవులకు, తరువాతి కాలంలో మనుష్యుల రాకపోకలతో చేరిన వానపాములు నేలపైనున్న ఆకుల పొరను తినివేసి అక్కడి మొక్కలకు హాని కలిగిస్తున్నాయి. దీనివలన ఆ చిన్న ప్రాణి శక్తి మరింత స్పష్టమైంది. మేలుగాని కీడుగాని, నేలను మార్చగల సామర్థ్యం దానికి ఉన్నదనడంలో సందేహం లేదు. మన రాష్ట్రంలో రైతులు వానపాముల ఎరువును తయారుచేసి వాడుకొనడం వెనుక ఉన్న ఆధారం కూడ ఇదే. పురుగుమందులను విచక్షణ లేకుండ చల్లిన నేలలో వానపాములు తగ్గిపోతాయి. పైకి కనిపించే ఆ మట్టి చుట్టలు కరువైతే, లోపల ఒక పని ఆగిపోయిందని రైతు గ్రహించవలసి ఉంటుంది.

డార్విన్ పరిశోధనకు విలువైన యంత్రాలు అక్కరలేకపోయాయి. మట్టి కుండలు, కాగితపు ముక్కలు, ఒక తూనిక, కొలబద్ద, సుద్దరాళ్లు, వాటితోపాటు ఇరువదితొమ్మిదేళ్లు వేచియుండే ఓర్పు ఉంటే చాలింది. ఒక్క వానపాము ఒక్క రాత్రి తెచ్చే మట్టి చిటికెడు మాత్రమే. లెక్కలేనన్ని వానపాములు, లెక్కలేనన్ని రాత్రులు కూడితే మహాశిలలు కుంగుతాయి, నగరాలు మరుగుపడతాయి, పంటపొలాలు సారవంతమవుతాయి. ఎచ్చెర్ల పొలంగట్ల మీద తొలకరి మరునాడు కనిపించే మట్టి చుట్టలలో నేటికీ అదే పని సాగుతున్నది.